సానరాయికే సాన పట్టాల్సి వస్తే

మంగలికత్తి నూరడం నేర్చుకోబోయేవారు ముందు కత్తి గురించి వాకబు చేస్తారు, తర్వాత రాళ్ల గురించి. ఆ రాళ్లను చదును చేసేదేది అన్న ప్రశ్న అన్నిటికన్నా చివర వస్తుంది. అప్పటికి జేబు ఖాళీ. 1000 నంబరు రాయి ఒకటి, 4000, 8000 నంబర్లు చెరో ముఖాన ఉన్నది ఇంకొకటి, ఓపిక ఉంటే 12000 మెరుగు రాయి, ఆపైన తోలుపట్టీ. ఇవన్నీ కొన్నాక, వీటిని చదునుగా ఉంచడానికి డైమండ్ ప్లేటు కూడా కావాలనీ, దాని ధర మంచి రాయి ధరకేమీ తీసిపోదనీ తెలిస్తే ఎవరికైనా నీరసం వస్తుంది. అది లేకుండా పని జరగదా? జరిగితే ఎంత చవకగా, ఎంత బాగా? వాడుకలో ఉన్న పద్ధతులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: చదును చవకగానే దొరుకుతుంది. మనం డబ్బు పోసేది చాలావరకు వేగం కోసం.

ఈ ప్రశ్న ఇప్పుడు క్షౌరశాలల్లో పుట్టడం లేదు. హెచ్‌ఐవీ భయం వ్యాపించాక మన ఊళ్లలో నూరే కత్తి దాదాపు మూలపడింది. సగం బ్లేడు పెట్టి వాడి పారేసే కత్తి దాని చోటులోకి వచ్చింది. పొదిలో సానరాయి ఉంచుకున్న తరం పెద్దవారైపోయారు. ఇవాళ నూరేది ఎక్కువగా ఇంట్లో తమ గడ్డం తామే గీసుకునే ఆసక్తిపరులు. పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి తిప్పడం చూపించే గురువు వారికి లేడు. అందుకే ఈ విషయంలో సలహాలు ఎక్కువ, కొలతలు తక్కువ.

వంటింటి కత్తికి రాయి కాస్త గుంటపడినా నష్టం లేదు. కోణం చేతిలో ఉంటుంది, మణికట్టు సర్దుకుంటుంది. మంగలికత్తికి ఆ వెసులుబాటు లేదు. దాన్ని రాతిమీద పూర్తిగా పడుకోబెట్టి నూరతారు, వీపూ అంచూ ఒకేసారి రాతికి తగలాలి. కోణాన్ని నిర్ణయించేది చెయ్యి కాదు, కత్తి వీపు మందం. 5/8 అంగుళాల కత్తి వెడల్పు సుమారు 16 మి.మీ. వీపు మందం నాలుగున్నర మి.మీ. అనుకుంటే అంచు కోణం 16 డిగ్రీలకు వస్తుంది. నూరినకొద్దీ అంచుతోపాటు వీపూ అరుగుతుంది కనుక ఏళ్లు గడిచినా ఆ కోణం పెద్దగా మారదు. ఎవరు కనిపెట్టారో గానీ గొప్ప ఏర్పాటు. అదంతా ఒకే షరతు మీద నిలబడి ఉంది, రాయి చదునుగా ఉండాలి.

రాయేమో చదునుగా ఉండదు. గంధం తీసే సాన ఎలా నడుమ పల్లమవుతుందో, కత్తి నూరే రాయీ అలాగే నడుమ అరుగుతుంది. అయితే ఎంత పల్లమైతే నష్టం? దీనికి అంకెల్లో జవాబు చెప్పేవారు అరుదు. పొడవు దిక్కునూ అడ్డం దిక్కునూ విడదీసి లెక్క వేస్తే గానీ విషయం తేలదు. ముందు పొడవు సంగతి. 200 మి.మీ. రాయి నడుమ అర మిల్లీమీటరు పల్లం ఉందనుకుందాం. బద్ద ఆనిస్తే కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే గుంట అది. అయినా ఆ పొడవులో కత్తి ఆక్రమించేది 16 మి.మీ. మాత్రమే. వంపులో దాని వాటాకు వచ్చేది స్వల్పం, అంచు దగ్గర కోణం మారేది డిగ్రీలో ఇరవయ్యో వంతు. దీని కోసం నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

చిక్కంతా అడ్డం దిక్కున ఉంది. 75 మి.మీ. వెడల్పు రాతికి అడ్డంగా, దాదాపు అంతే పొడవున్న అంచు పడుకుంటుంది. ఆ వెడల్పులో నడుమ 0.1 మి.మీ. పల్లం ఉంటే కత్తి మడమా కొనా రాతికి ఆనతాయి, మధ్యభాగం గాలిలో తేలుతుంది. 0.1 మి.మీ. అంటే 100 మైక్రాన్లు. తలవెంట్రుక 70 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. బాగా నూరిన అంచు మందం ఒక మైక్రాను లోపే. అంటే అంచు మందానికి వంద రెట్ల సందు పెట్టుకుని మధ్యభాగం పదునెక్కలేదేమని చూస్తున్నామన్నమాట. కొత్తగా నూరేవారు తిట్టుకునే ‘మధ్యలో గడ్డం లాగుతోంది’ అనే కష్టానికి మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. ఆ రాతిమీదే పట్టుబట్టి నూరుతూ పోతే మడమ, కొన ముందు అరిగి అంచు నిలువునా వంపు తిరుగుతుంది. గుంటపడ్డ రాయి తన ఆకారాన్ని తిరగేసి కత్తికి అచ్చు వేస్తుంది.

ఇదే లెక్కలో ఒక ఊరట కూడా ఉంది. వంపు అదే అయినప్పుడు పల్లం లోతు వెడల్పు వర్గాన్ని బట్టి మారుతుంది. 75 మి.మీ. వెడల్పు మీద 0.1 మి.మీ. పల్లం చూపించే వంపు, 40 మి.మీ. వెడల్పు రాతిమీద 0.03 కూడా చూపించదు. బెల్జియంలోని ఆర్డెన్స్ కొండల్లో, వియల్‌సామ్ పరిసరాల్లో తవ్వితీసిన పసుపు కోటిక్యూల్ రాళ్లు ఎక్కువగా 40 మి.మీ. వెడల్పులోనే దొరుకుతాయి. పాతకాలపు క్షురకుల రాళ్లు అరచేతిలో ఇమిడేంత చిన్నవి. వెనకటివారు చదును సంగతి పట్టించుకోలేదనీ, అయినా గడ్డాలు నున్నగా గీశారనీ వాదించేవారు ఈ కొలత మరిచిపోతారు. చిన్న రాయి వారిని కాపాడింది. దానికి తోడు కత్తిని మడమ నుంచి కొనదాకా ఏటవాలుగా జారుస్తూ లాగే చేతివాటం ఉండేది. కావాలనే కాస్త ఉబ్బెత్తుగా చేసిన రాతిమీద నూరేవారు ఈనాడూ ఉన్నారు. అది వేరే విద్య, తెలిసి చేసే పని. నిర్లక్ష్యం వల్ల పడిన గుంటకు దాన్ని సాక్ష్యంగా తేకూడదు.

కాబట్టి తక్కువ ఖర్చు గురించి మొదటి మాట ఏమిటంటే, కొలిచే సాధనం కొనాలి. అది ఖరీదైనదేమీ కాదు. మోటారుసైకిల్ మెకానిక్కులు ట్యాపెట్ సర్దడానికి వాడే ఫీలర్ గేజ్ విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. అందులో 0.05 మి.మీ. ఆకు ఒకటి ఉంటుంది. నిటారైన ఉక్కు బద్దను రాతికి అడ్డంగా నిలబెట్టి, ఆ ఆకు నడుమ దూరుతుందా లేదా చూడాలి. బద్దను తిరగేసి మళ్లీ చూడాలి, లేకపోతే బద్ద తప్పును రాతి మీద మోపుతాం. వెనక దీపం పెట్టి చూస్తే ఆకు దూరని సన్న సందు కూడా వెలుగు గీతగా కనిపిస్తుంది. నా మటుకు 1000 నంబరు రాతికి ఆకు దూరకపోతే చాలు. 8000, 12000 రాళ్లకు వెలుగు కూడా కనిపించకూడదు.

రాతి నిండా పెన్సిలుతో గళ్లు గీసి, రుద్ది, గీతలన్నీ పోయేదాకా ఆగకుండా రుద్దమనే పద్ధతి అందరికీ తెలిసిందే. మంచిదే, ఖర్చు లేనిదే. కానీ అది చెప్పే విషయం ఒక్కటే: రాయి, దాన్ని రుద్దిన పలక ఆకారంలోకి వచ్చింది. పలక వంకరదైతే రాయీ వంకరగానే తయారై, గీతలు మాత్రం శుభ్రంగా చెరిగిపోతాయి. గళ్లను నమ్మేముందు పలకను రెండు మూలల వెంట బద్దతో చూసుకోవాలి.

పలక దగ్గరికి వద్దాం. చవక అన్న మాట నిజంగా సార్థకమయ్యేది ఇక్కడే. కరిగిన గాజును కరిగిన తగరం మీద తేలనిచ్చి పలకగా మార్చే పద్ధతిని ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ప్రకటించింది. ఆ పద్ధతి వచ్చాక, అప్పటిదాకా గంటల తరబడి అరగదీస్తే గానీ రాని చదును మామూలు కిటికీ గాజుకు కూడా వచ్చేసింది. మన నగరాల్లో గాజు పలకలు కోసే దుకాణాల్లో 10, 12 మి.మీ. మందం ముక్కలు పక్కన పడి ఉంటాయి. అడుగు పొడవు, అంతలో సగం వెడల్పు ఉన్న ముక్క సరిపోతుంది. అంచులు రుద్ది ఇమ్మనాలి, లేకపోతే చేతులు తెగుతాయి.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. తలుపులకు, బల్లలకు వాడే టఫెన్ చేసిన గాజు వద్దు. దాన్ని కొలిమిలో రోలర్ల మీద వేడిచేస్తారు, ఆ రోలర్ల అలలు గాజులో నిలిచిపోతాయి. మామూలు గాజే అడగాలి. రెండోది మందం. గాజు బిగువు మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 6 మి.మీ. ముక్క కంటే 12 మి.మీ. ముక్క ఎనిమిది రెట్లు గట్టిగా వంపును తట్టుకుంటుంది. పలచని గాజును ఎగుడుదిగుడు బల్లమీద పెట్టి రాతితో నొక్కితే అది బల్ల ఆకారంలోకి వంగుతుంది. కింద తడిగుడ్డ ఒకటి పరిస్తే జారదు కూడా.

గ్రానైటు మాటేమిటని తెలుగువారు అడగకుండా ఉండరు. చీమకుర్తి నల్లరాయి దేశదేశాలకు పోతుంటే మనకు ముక్కలకు కొదవేముంది? కొలత ప్రయోగశాలల్లో వాడే సమతల పలకలు గ్రానైటువే. అయితే అక్కడ దాన్ని చదును చేసే తీరు వేరు, వంటింటి గట్టుకు మెరుగు పెట్టే తీరు వేరు. అద్దంలా మెరిసే ముక్క నడుమ పల్లంగా ఉండవచ్చు. అదృష్టం బాగుంటే గాజును మించింది దొరుకుతుంది, చూసి తెచ్చుకోవాలి. నేల మీద పరిచే విట్రిఫైడ్ టైలు మాత్రం వద్దు. బట్టీలో కాలి వచ్చిన టైలులో కొద్దిపాటి వంపు ఉండటాన్ని వాటి ప్రమాణాలే అనుమతిస్తాయి. కడప బండ పైముఖం సహజంగా చీలిన పొర, అది నడవడానికి పనికొస్తుంది, ఈ పనికి రాదు.

ఇక రుద్దే పదార్థం. అన్నిటికన్నా సులువు వాటర్ పేపరు, పెయింటర్లు కార్ల రంగు రుద్దేది. నల్లటి సిలికాన్ కార్బైడ్ రవ్వ అద్దిన కాగితం. గాజు తడిపి, కాగితం తడిపి, గాలి బుడగలు లేకుండా అతికించి, దానిమీద రాతిని రుద్దుతారు. 1000 రాతికి 220 నంబరు, మెరుగు రాళ్లకు 400 లేదా 600. షీటు ధర పదుల రూపాయల్లోనే. దీని లోపాలు వాడినవారికి తెలుసు. రాతి ముందు కాగితం అలలా లేస్తుంది. రాతి అంచు ఆ అలను ఎక్కి దిగుతూ గుండ్రబడుతుంది, చదును చేస్తున్నామనుకుంటూ ఉబ్బెత్తు చేస్తాం. మెత్తటి రాళ్లు ఊడిన రవ్వను పట్టేసుకుంటాయి. తర్వాత మెరుగు పెట్టేటప్పుడు ఆ ఒక్క రవ్వ అంచుకు గాటు పెడుతుంది. రుద్దిన రాతిని పంపు కింద బ్రష్షుతో కడగకుండా కత్తి ముట్టించకూడదు. కాగితాన్ని పలచని జిగురుతో అతికిస్తే అల సమస్య చాలావరకు పోతుంది.

కాగితం బదులు విడి కార్బోరండం పొడి, అంటే అదే సిలికాన్ కార్బైడ్ రవ్వ, వాడొచ్చు. ఇది చాలా వేగంగా కోస్తుంది. పూర్తిగా వంకరపోయిన రాయికీ, గని నుంచి కోసి తెచ్చిన ఎగుడుదిగుడు ముక్కకూ ఇంతకంటే చవకైన దారి లేదు. కానీ పొడి రాతినే కాదు, కింది గాజునూ కోస్తుంది. కొన్నాళ్లకు గాజు నడుమ గుంట పడి, దానికి జోడుగా రాయి ఉబ్బుతుంది. గాజును రెండువైపులా తిప్పి వాడుకుని, పోయాక ఇంకో ముక్క తెచ్చుకోవాలి. కాగితానికి పెట్టుకున్న గాజును పొడికి వాడకూడదు.

రెండు రాళ్లను ఒకదానిమీద ఒకటి రుద్దితే రెండూ చదునవుతాయి కదా అనే మాట తరచు వింటాం. కావు. టెలిస్కోపు అద్దాలు సొంతంగా తయారుచేసుకునేవారి కళ మొత్తం ఈ నిజం మీదే ఆధారపడి ఉంది. రెండు పలకల మధ్య పొడి వేసి రుద్దితే పైన కదిలేది గుంటపడుతుంది, కింద ఉన్నది ఉబ్బుతుంది. రెండూ ఒకదానిలో ఒకటి చక్కగా ఇముడుతాయి, పెన్సిలు గీతలూ చెరిగిపోతాయి, చదును మాత్రం రాదు. దీనికి విరుగుడు మూడో రాయి. 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో జోసెఫ్ విట్‌వర్త్ లోహపు పలకలను మూడేసి చొప్పున ఒకదానితో ఒకటి సరిచూసే పద్ధతిని వివరించాడు. మొదటిది రెండోదానికి, రెండోది మూడోదానికి, మూడోది మొదటిదానికి సరిపోవాలంటే మూడూ చదునుగా ఉండటం తప్ప మార్గం లేదు. లోహాన్ని పొడితో రుద్దడం విట్‌వర్త్‌కు గిట్టేది కాదు, ఉబ్బిన చోట్లను గోకి తీయమన్నాడు. అయినా ఆ మూడింటి తర్కం రాళ్లకు కూడా వర్తిస్తుంది. ఒకే గట్టిదనం గల చవక రాళ్లు మూడు తెచ్చి, వంతులవారీగా మార్చుతూ, మధ్యమధ్య అడ్డంగా తిప్పుతూ రుద్దితే, ఏ పలకా కొనకుండానే చదును పుడుతుంది. దీన్ని ఎవరికైనా సిఫారసు చేస్తానా? ఆదివారం ఖాళీగా ఉన్నవారికి. బుద్ధికి తృప్తి, భుజానికి నొప్పి.

చదును చేయడానికే అమ్మే గాడుల రాళ్లను క్లుప్తంగా దాటేస్తాను. చాలావాటికి తమ చదునే ఉండదు, ఉన్నా అరిగిపోతుంది. ముందు వాటిని గాజుమీద చదును చేయాలి. అప్పుడు నేరుగా సానరాతినే రుద్దుకోవచ్చు కదా.

డైమండ్ ప్లేటుకు ఇంత పేరెందుకు? ఉక్కు లేదా అల్యూమినియం పలక మీద నికెల్ పూతలో వజ్రపు రవ్వను నిలబెడతారు. పలక అరగదు, రవ్వ నెమ్మదిగా మొద్దుబారుతుంది. పంపు కింద పెట్టి నాలుగైదుసార్లు రుద్దితే పని ఐపోతుంది. జపాన్‌లో తయారయ్యే ఆటోమా 400, అమెరికాలో తయారయ్యే డీఎంటీ 325 నంబరు ప్లేటు మంగలికత్తి నూరేవారి మధ్య బాగా వాడుకలో ఉన్నవి. వేలల్లో ధర చూసి వెనక్కి తగ్గేవారికి ఒక లెక్క. వారానికొకసారి ఎవరికోసమో కత్తులు నూరేవారైతే కాగితాలకయ్యే ఖర్చూ కాలమూ కలిపి ప్లేటు ఖరీదును త్వరలోనే దాటతాయి. తన ఒక్క కత్తిని నెలల తరబడి తోలుపట్టీతో నిలబెట్టుకుంటూ, మెరుగు రాతిమీద అప్పుడప్పుడు పది లాగులు లాగేవారికి ఆ రోజు ఎప్పటికీ రాకపోవచ్చు. మెరుగు రాయి అంత నెమ్మదిగా అరుగుతుంది. గుంటపడేది 1000 రాయే, దానితో పని అంచును మొదట నిలబెట్టేటప్పుడే.

మధ్యేమార్గం ఒకటుంది. మిల్లీమీటరు మందం రేకు మీద వజ్రపు రవ్వ అద్దిన చవక ప్లేట్లు బజారులో దొరుకుతాయి. రేకు వంగి ఉంటుంది, అదే వాటి లోపం. దాన్ని 12 మి.మీ. గాజుకు ఎపాక్సీ జిగురు పల్చగా సమానంగా పూసి అతికించి, పైన బరువు పెట్టి ఒక రాత్రి వదిలేస్తే చదును గాజుది, కోత వజ్రానిది అవుతుంది. కొత్తలో పైకి పొడుచుకొచ్చిన రవ్వలు రాలుతాయి కాబట్టి మొదటి కొన్నిసార్లు 1000 రాతిమీదే వాడాలి, 12000 దగ్గరికి రానీయకూడదు. ఏ డైమండ్ ప్లేటునూ విడి పొడితో కలిపి వాడకూడదు. పొడి నికెల్ పూతను తవ్వి రవ్వను ఊడ్చేస్తుంది.

రాయిని బట్టి కూడా ఖర్చు మారుతుంది. జపాన్ నీటి రాళ్లు మెత్తన, కాగితంతో ఇట్టే లొంగుతాయి. జర్మనీలోని థురింగియా రాయి ఒక జాతి పలకరాయి, మార్కాపురం పలకల మీద ఓనమాలు దిద్దినవారికి ఆ స్పర్శ తెలిసిందే. అదీ సులువే. కోటిక్యూల్‌లో గార్నెట్ కణాలున్నా కట్టు మెత్తన. కష్టమంతా అమెరికా ఆర్కన్సా రాయితో. అది దాదాపు పూర్తిగా సిలికా, ఇసుకంత గట్టిది, కాబట్టి ఇసుకకు అరగదు. కార్బోరండం పొడి, గంటల ఓపిక కావాలి. ఒకసారి చదునైతే మాత్రం ఏళ్లతరబడి మళ్లీ చూడనక్కర్లేదు. దాన్నే కాదు, ఏ రాతినైనా నీళ్లతోనే రుద్దాలి. పొడిగా రుద్దితే లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. రుద్దగా వచ్చిన గుజ్జును సింకులో పోస్తే గొట్టంలో సిమెంటులా పేరుకుంటుంది, బక్కెట్లో తేరనిచ్చి పారబోయడం మేలు.

చదును అయ్యాక రాతి పై అంచులను నాలుగువైపులా కాస్త వాలుగా కొట్టాలి. కత్తి జారుతూ ఆ పదునైన అంచుకు తగిలితే చిన్న తునక ఎగిరిపోతుంది. మెరుగు రాతిని ముతక ప్లేటుతో చదును చేసి వదిలేయకూడదు. ఆ గీతల మీద 12000 పనితీరు రాదు. 600 కాగితంతోనో నగురా అనే చిన్న రుద్దుడు రాతితోనో పైపైన రుద్ది నున్నన చేయాలి. ఒకేరోజు అన్ని రాళ్లనూ చదును చేసేవారు మెరుగు రాతితో మొదలుపెట్టి ముతక రాతితో ముగిస్తే కాగితం మీద మిగిలిన ముతక రవ్వ సన్న రాతికి ఎక్కదు.

ఈ బాధంతా వద్దనుకునేవారికి ఒక పక్కదారి ఉంది. 3ఎం వంటి సంస్థలు తయారుచేసే ల్యాపింగ్ ఫిల్ములు, అంటే ప్లాస్టిక్ పొరమీద అద్దిన అల్యూమినియం ఆక్సైడ్ రవ్వ, 12 మైక్రాన్ల నుంచి 1, 0.3 మైక్రాన్ల దాకా దొరుకుతాయి. అదే గాజు ముక్క మీద తడిపి అతికించి నేరుగా కత్తి నూరుకోవచ్చు. అరిగితే పొర మారుతుంది, గాజు చదును అలాగే ఉంటుంది. చదును చేసే పని మొత్తం తప్పుతుంది. ఒకే కత్తి ఉన్నవారికి రాళ్ల కంటే ఇది నిజంగా చవక, ఎక్కువ కత్తులుంటే పొరల ఖర్చు పెరుగుతుంది. కత్తిని మరీ తేలిగ్గా నూరాలి, లేకపోతే పొర తెగే ప్రమాదం ఉంది. అతికించేముందు గాజును శుభ్రంగా తుడవాలి. పొర కింద ఒక్క ఇసుక రేణువు చిక్కినా అక్కడ పుట్టే చిన్న బొడిపె మీదుగా వెళ్లిన ప్రతిసారీ అంచు దెబ్బతింటుంది.